నడుము నొప్పి ఎంతమందికి? ఒక అంకె వెంట పడ్డ డైరీ

1వ రోజు

పని చిన్నదే కదా అని ఒప్పుకున్నాను. కండరాలు, ఎముకలు, కీళ్ళ బాధల మీద ఒక సర్వే మొదలు కాబోతోంది. ముందు శాంపుల్ సైజు, అంటే ఎంతమందిని అడగాలో, తేల్చాలి. ఆ సూత్రంలో పెట్టడానికి ఒక ప్రివలెన్స్ అంకె కావాలి, అంటే వందమందిలో ఎంతమందికి ఈ బాధ ఉండొచ్చో ఒక అంచనా. "పాత పేపర్లు తిరగేసి ఒక అంకె పట్టుకురా. సాయంత్రానికి ఇస్తే చాలు" అన్నారు సార్.

సాయంత్రానికి నోట్‌బుక్‌లో పేజీ నిండా అంకెలున్నాయి. అన్నీ నడుము నొప్పివే. పేపర్లన్నీ చదివి ఒక్క మాట తేల్చే సమీక్ష ఉంటుందేమోనని వెతికాను. ఉంది. 2012లో వచ్చింది, 54 దేశాల నుంచి 165 అధ్యయనాలు కూర్చారు. అందులోనూ ఒక్క అంకె కాదు: అడిగిన రోజున నొప్పి ఉన్నవాళ్ళు 11.9 శాతం, గత నెలలో ఎప్పుడైనా వచ్చినవాళ్ళు 23.2 శాతం.

సూత్రంలో రెండూ పెట్టి చూశాను. అటూ ఇటూ 3 శాతం తేడా పర్లేదు అనుకుంటే, 11.9కి 448 మంది చాలు, 23.2కి 761 మంది కావాలి. ఏది పెట్టాలో చెప్పాలంటే సర్వేలో ప్రశ్న ఏమిటో తెలియాలి. సార్‌ని అడిగాను. "ప్రశ్న ఇంకా రాయలేదు" అన్నారు.

ప్రపంచం మొత్తం లెక్క కూడా ఒకటి పేపర్లన్నిటి ముందుమాటల్లోనూ కనపడుతోంది: 2020లో 61.9 కోట్ల మందికి నడుము నొప్పి, 2050 నాటికి 84.3 కోట్లు. దేశదేశాల జబ్బుల భారాన్ని లెక్కగట్టే గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్ వాళ్ళ అంచనా అది. వార్తలో చదివితే ఎవరో ఇల్లిల్లూ తిరిగి లెక్కపెట్టినట్టుంటుంది. అది మోడల్ ఇచ్చిన అంకె. రకరకాల ప్రశ్నలతో వచ్చిన సర్వేలను ఒకే నిర్వచనానికి సర్దుబాటు చేసి, డేటా లేని చోట్లకి ఉన్న చోట్ల నుంచి ఊహించి తీసినది. తప్పని అనడం లేదు. ఆ సర్దుబాటు ఎంత పెద్దదో నాకే చేసి చూసుకోవాలనిపించింది. వారం అడిగాను. ఇచ్చారు. (మూడు వారాలు పట్టింది.)

2వ రోజు

నిజం డేటాతో వచ్చిన చిక్కు ఏమిటంటే, అసలు జవాబు మనకి ఎప్పటికీ తెలియదు. కాబట్టి ఎవరు ఎంత తప్పారో చెప్పలేం. అందుకే కంప్యూటర్లో, ఆర్ అనే స్టాటిస్టిక్స్ భాషలో, 10,000 మందిని నేనే పుట్టించాను. ఎవరికి ఏ వారం నొప్పి ఉందో నాకు తెలుసు. ఇప్పుడు వీళ్ళ మీదే రకరకాల సర్వేలు చేసి, ఏ సర్వే ఎంత చెబుతుందో చూడాలి.

మొదటి ప్రయత్నం బోర్లా పడింది. అందరూ ఒకలాంటి వాళ్ళే అనుకున్నాను: నొప్పి వస్తే సగటున 3 వారాలు ఉంటుంది, తగ్గాక సగటున 22 వారాలు రాదు. ఏ రోజు చూసినా 12 శాతం మందికి నొప్పి. బాగానే ఉంది. నాలుగు వారాల కిటికీ పెడితే, అంటే ఆ నాలుగు వారాల్లో ఎప్పుడైనా వచ్చిందా అని చూస్తే, 27 శాతం. సరే. ఏడాది కిటికీ పెడితే 92 శాతం! ఊరంతా నడుం పట్టుకుని కూర్చున్నట్టే.

కోడ్‌లో తప్పు లేదు, ఊహలోనే ఉంది. నిజం జనం ఒకలా ఉండరు. జన్మలో నడుం పట్టని వాళ్ళు కొందరు, ఆర్నెల్లకోసారి పట్టేవాళ్ళు కొందరు, నొప్పి తగ్గడమే వార్త అయినవాళ్ళు కొందరు. మూడు గుంపులు చేశాను. సగం మందికి చాలా అరుదు, 400 వారాలకోసారి వచ్చి 2 వారాలుంటుంది. 40 శాతం మందికి 40 వారాల విరామం, 3 వారాల నొప్పి. మిగతా 10 శాతానికి 4 వారాల విరామం, 16 వారాల నొప్పి.

ఇప్పుడు ఇదే జనం, ఇదే నొప్పి, ప్రశ్నలో కాలం మాత్రమే మారుస్తూ పోతే:

ఈ రోజు ఉందా? 11 శాతం.
గత 7 రోజుల్లో? 12.5 శాతం.
గత 4 వారాల్లో? 16.3 శాతం.
గత 12 నెలల్లో? 46.2 శాతం.

నాలుగూ నిజాలే. వీటిలో "అసలు ప్రివలెన్స్" ఏది అని అడిగితే జవాబు లేదు. ఈ రోజు లెక్కలో ఎక్కువ భాగం ఆ మూడో గుంపుదే, 11లో 8 వాళ్ళ వాటా. ఏడాది లెక్కలో వాళ్ళు 46లో 10 మాత్రమే. అంటే కిటికీ పెద్దదైతే అంకె పెరగడం ఒక్కటే కాదు, లోపల మనుషులే మారిపోతున్నారు. ఒక అంకె ఎక్కువగా దీర్ఘకాలపు బాధను చూపిస్తోంది, ఇంకోటి ఎప్పుడో ఒకసారి బరువెత్తి నడుం పట్టించుకున్నవాళ్ళని చూపిస్తోంది.

సమీక్షలో నెల అంకె ఒక రోజు అంకెకి దాదాపు రెట్టింపు. నా ఊళ్ళో ఒకటిన్నర రెట్లే. గుంపుల పాళ్ళు మారిస్తే అక్కడికి తేవచ్చు. కానీ సమీక్షలో ఆ రెండు అంకెలూ ఇచ్చింది ఒకే అధ్యయనాలు కావు కాబట్టి, ఆ నిష్పత్తిని పట్టుకుని అంత కష్టపడక్కర్లేదనిపించింది. వదిలేశాను.

3వ రోజు

తెలివితక్కువతనం ఒకటి రాసి పెట్టుకోవాలి.

నా కల్పిత సర్వేలో ముందు ఏడాది ప్రశ్న. "లేదు" అన్నవాళ్ళని 7 రోజుల ప్రశ్న అడగను, ఆ గడి ఖాళీగా వదిలేస్తాను. నిజం ఫారాల్లోనూ అంతే, "లేదు అయితే తర్వాతి పేజీకి వెళ్ళండి" అని ఉంటుంది. సగటు తీసేటప్పుడు ఖాళీ గడులు వదిలేయమని ఆర్‌కి అలవాటుగా రాసేశాను. 7 రోజుల ప్రివలెన్స్ 27 శాతం వచ్చింది. నిన్న చూసిన అసలు జవాబు 12.5.

ఖాళీ గడి అంటే "తెలియదు" కాదు, "లేదు" అని. దాన్ని తీసేస్తే హారంలో ఏడాదిలో నొప్పి వచ్చినవాళ్ళే మిగిలారు. 12.5ని 46.2తో భాగిస్తే 27. అసలు జవాబు ముందే తెలుసు కాబట్టి పట్టుకున్నాను. నిజం డేటాలో అయితే 27 చూసి "ఫర్వాలేదు, పేపర్లలోనూ ఇలాగే ఉంది" అనుకుని ముందుకి పోయేవాణ్ణే. అసలు భయం అదే. నడుము నొప్పికి ఏ అంకె వచ్చినా దాన్ని సమర్థించే పేపరు ఒకటి దొరుకుతుంది.

5వ రోజు

ఇవాళ లెక్కలు పక్కన పెట్టి ప్రశ్న రాయడానికి కూర్చున్నాం. నేనూ, ఫిజియోథెరపిస్టు మిత్రుడూ.

మా ముందున్న మూలం నార్డిక్ ప్రశ్నావళి. 1987లో వచ్చింది, పని ప్రదేశాల సర్వేల్లో ఇప్పటికీ ఇదే రాజ్యం ఏలుతోంది. ఒక మనిషి బొమ్మ వెనక నుంచి, దాని మీద తొమ్మిది భాగాలు: మెడ, భుజాలు, మోచేతులు, మణికట్లు-చేతులు, వీపు, నడుము, తుంటి-తొడలు, మోకాళ్ళు, చీలమండలు-పాదాలు. ప్రతి దానికీ ఏడాదిలో బాధ వచ్చిందా, దానివల్ల మామూలు పని ఆగిందా, గత 7 రోజుల్లో వచ్చిందా అని ప్రశ్నలు. బాధ అన్నచోట ఇంగ్లీషులో మూడు మాటలు పక్కపక్కన పెట్టారు: ఏక్, పెయిన్, డిస్‌కంఫర్ట్.

దాన్ని తెలుగు చెయ్యడం గంట పని అనుకున్నాం. "నొప్పి" ఒక్కటి రాస్తే చాలదా అన్నాను. మా వాడు ఒప్పుకోలేదు. "ఏరా, పొద్దున్నుంచి నా దగ్గరికి వచ్చినవాళ్ళలో నొప్పి అన్న మాట ఎంతమంది వాడారనుకుంటున్నావ్? మోకాళ్ళు పీకుతున్నాయంటారు. మెడ పట్టేసిందంటారు. కాళ్ళు లాగుతున్నాయంటారు. భుజం సలుపుతోందంటారు. నొప్పి ఉందా అని అడిగితే, నొప్పేం లేదు, లాగుతుందంతే అంటారు."

నిజమే. పీకు, సలుపు, లాగు, పోటు, తిమ్మిరి, మంట, పట్టు. ఒక్కోటీ ఒక్కో బాధ, ఒకదానికి ఇంకోటి బదులు కాదు. "నొప్పి" అని మాత్రమే రాస్తే పీకుళ్ళన్నీ "లేదు" గడిలోకి పోతాయి. అన్నీ కలిపి రాస్తే తిమ్మిరి కూడా వచ్చి చేరుతుంది, అది కండరం గోల కాదు, నరం గోల. చివరికి "నొప్పి, పీకు, సలుపు, లాగడం, పట్టేయడం లాంటి బాధ ఏదైనా" అని రాసి తిమ్మిరికి వేరే గడి పెట్టాం. ఇంగ్లీషులో మూడు మాటలు, మనకి అయిదు. ఈ రెండు ఫారాలతో వచ్చిన అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు ఈ గంట గొడవ ఏ పట్టికలోనూ కనపడదు.

తర్వాత "నడుము". మన మాటలో నడుము అంటే ముందువైపూ నడుమే, వెనకవైపూ నడుమే. బెల్టు పెట్టుకునేదీ నడుమే. పరిశోధనలో లెక్క వేరు: వెనకవైపు, పన్నెండో పక్కటెముక కింది అంచు నుంచి పిరుదుల కింది మడత దాకా. అంటే పిరుదులు కూడా అందులోనే. ఒక పెద్దాయనకి ఫారం ఇచ్చి చూశాం. నడుము నొప్పి లేదన్నారు. లేచి నిలబడుతూ పిరుదు మీద చెయ్యి వేసుకుని మూలిగారు. "మరి ఇదేంటండీ?" అన్నాడు మా వాడు. "ఇది నడుమెందుకవుతుంది బాబూ, ఇది తుంటి కదా" అన్నారాయన. నార్డిక్ బొమ్మలో తుంటికి వేరే గడి ఉంది కాబట్టి ఆయన దాన్ని అక్కడే గుర్తు పెట్టారు కూడా. ఆయన మాట తప్పు కాదు. మన నిర్వచనం ఆయనకి ఎవరూ చెప్పలేదు.

బొమ్మ ఉండి తీరాలి, నీడ వేసి ఉండాలి అని తేల్చుకున్నాం. 2008లో నిపుణులు కొందరు కలిసి నడుము నొప్పి సర్వేలకి ఒక కనీస నిర్వచనం మీద ఒప్పందానికి వచ్చారు. వాళ్ళూ బొమ్మనే నమ్ముకున్నారు: "గత 4 వారాల్లో, బొమ్మలో చూపిన చోట, మీ నడుములో నొప్పి వచ్చిందా?" వచ్చిందంటే రెండో ప్రశ్న: "అది మీ మామూలు పనుల్ని ఒక రోజు కంటే ఎక్కువ అడ్డుకునేంతగా ఉందా?" జ్వరంతో వచ్చే ఒళ్ళు నొప్పులు, నెలసరి నొప్పులు లెక్కలోకి రావు. మా ఫారంలో ఇదే పెడుతున్నాం. ఏడాది ప్రశ్న ఉంచుదామా తీసేద్దామా అన్నది ఇంకా తేలలేదు.

6వ రోజు

ఏడాది ప్రశ్న తీసేస్తున్నాను. నా 10,000 మంది మీద మతిమరుపు పెట్టి చూశాక ఆశ వదిలేశాను. గత నెలలో కాకుండా అంతకుముందు ఏడాదిలో ఎప్పుడో నొప్పి వచ్చినవాళ్ళలో సగం మంది మర్చిపోయారనుకుంటే 46 శాతం కాస్తా 31 అవుతుంది. నాలుగు వారాల ప్రశ్నకి ఉల్టా తప్పు జరుగుతుంది: రెండు నెలల కిందటి నొప్పిని "మొన్నీమధ్యే" అని ఈ నెలలోకి లాక్కొస్తారు. నొప్పి రానివాళ్ళలో 5 శాతం మంది అలా చేస్తే 16 కాస్తా 20 దాటుతుంది. చిన్న కిటికీకి తప్పు పైకి, పెద్ద కిటికీకి కిందికి. రెండు అంకెలూ ఒకదానికొకటి దగ్గరికి జరుగుతాయి. చూసేవాళ్ళకి పొందిక కుదిరినట్టే ఉంటుంది!

8వ రోజు

మోకాళ్ళ అరుగుదల దగ్గరికి వచ్చాను. ఇక్కడ ఎక్స్-రే ఉంది కదా, మాటల గొడవ ఉండదనుకున్నాను.

ఎక్స్-రేని చదివే పద్ధతి 1957 నాటిది, కెల్‌గ్రెన్, లారెన్స్ పెట్టినది. 0 నుంచి 4 దాకా మెట్లు, 2 నుంచి పైన ఉంటే అరుగుదల ఉన్నట్టు. 1వ మెట్టు అంటే అనుమానంగా ఎముక మొలక, 2 అంటే కచ్చితంగా మొలక. అనుమానానికీ కచ్చితానికీ మధ్య గీత గీసేది చదివే మనిషి కన్ను. చాలామంది ఉండేది ఆ గీత పక్కనే. కాబట్టి చదివే మనిషి కాస్త ఉదారంగా ఉన్నా అంకె ఎగురుతుంది.

అది పక్కన పెట్టినా, అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనంలో పెద్దవయసు వాళ్ళ మోకాళ్ళకి ఎక్స్-రేలు తీశారు. ఫలితాలు 1987లో వచ్చాయి. ఎక్స్-రేలో అరుగుదల 70 లోపు వాళ్ళలో 27 శాతం, 80 దాటినవాళ్ళలో 44 శాతం. అదే జనంలో ఎక్స్-రే అరుగుదలా ఉండి, నొప్పి లాంటి లక్షణాలూ ఉన్నవాళ్ళు మొత్తం మీద 9.5 శాతమే. మోకాళ్ళ అరుగుదల ఎంతమందికి అంటే ఏ అంకె చెప్పాలి? మందుల ప్రచారమైతే పెద్దది చెబుతారు. చికిత్స ఎంతమందికి కావాలో లెక్క కట్టేవాళ్ళకి చిన్నదే దగ్గర.

వెన్ను స్కానింగుల సంగతి ఇంకా ఘోరం. నొప్పే లేని 3,110 మంది స్కాన్లు ఉన్న 33 అధ్యయనాలను కలిపి 2015లో ఒక సమీక్ష వచ్చింది. 20 ఏళ్ళ వాళ్ళలోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల కనపడింది, 80 ఏళ్ళ వాళ్ళలో 96 శాతం. ఎవరికీ నొప్పి లేదు. ఇంత తెలిశాక కూడా స్కాన్ రిపోర్టు చేత్తో పట్టుకుని "నాకు డిస్కు పోయింది" అని దిగులుపడేవాళ్ళని చూస్తే జాలేస్తుంది.

ఫైబ్రోమయాల్జియా అంటే ఒళ్ళంతా నొప్పులుండే జబ్బు. దానికి 1990 నిబంధనల్లో ఆ నొప్పులతో పాటు ఒంటి మీద 18 చోట్ల నొక్కి చూసి కనీసం 11 చోట్ల నొప్పి ఉంటే లెక్క. 2010లో ఆ నొక్కడమే తీసేశారు. అంతకు ముందు, తర్వాత సర్వేల్ని ఒకే గీత మీద పెట్టి "పెరిగింది" అనడం నాకు మింగుడు పడదు. ఎక్కువ రాయను, మా సర్వేలో అది లేదు.

9వ రోజు

ఏమీ చెయ్యలేదు. రోజంతా కూర్చుని నాకే మెడ పట్టేసింది. మా ఫారం నేనే నింపి చూసుకుంటే ఈ రోజు ఉంది, 7 రోజుల్లో ఉంది, పని ఆగింది: అన్నిట్లోనూ అవును. తొమ్మిది రోజుల కిందట అడిగి ఉంటే అన్నీ లేదు.

12వ రోజు

ఇవాళ అన్నిటికంటే ఎక్కువ నవ్వించిన లెక్క. నాకు మైనస్ ప్రివలెన్స్ వచ్చింది.

అరుదైన జబ్బుల సంగతి చూద్దామని రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ (కీళ్ళు వాచే జబ్బు) లాంటిది ఒకటి ఊహించుకున్నాను. నా ఊళ్ళో 0.5 శాతం మందికి, అంటే 10,000లో 50 మందికి నిజంగా ఉంది. ప్రశ్నావళితో జల్లెడ పడతాం. జబ్బు ఉన్నవాళ్ళలో 90 శాతం మందిని పట్టుకుంటుంది (ఇది సెన్సిటివిటీ), లేనివాళ్ళలో 95 శాతం మందిని సరిగ్గా వదిలేస్తుంది (ఇది స్పెసిఫిసిటీ). వినడానికి మంచి జల్లెడే.

50 మందిలో 45 మంది పడతారు. లేని 9,950 మందిలో 5 శాతం, దాదాపు 498 మంది ఊరికే పడతారు. మొత్తం 543. సర్వే చెప్పేది 5.4 శాతం. అసలు కంటే పది రెట్లకు పైనే.

దీన్ని సరిచేసే సూత్రం ఉంది, 1978లో రోగన్, గ్లాడెన్ ఇచ్చినది. కనపడ్డ అంకెకి స్పెసిఫిసిటీ కలిపి ఒకటి తీసేసి, దాన్ని సెన్సిటివిటీ, స్పెసిఫిసిటీ కలిపి ఒకటి తీసేసిన దానితో భాగిస్తే అసలుది వస్తుంది. పెట్టాను, సరిగ్గా 0.5 వచ్చింది. అయితే నాకు స్పెసిఫిసిటీ 95 అని తెలిసింది నేనే పెట్టాను కాబట్టి. నిజంలో అది ఎక్కడో ఆస్పత్రిలో, కొద్దిమంది మీద తేల్చిన అంచనా. 96 అనుకుని పెడితే 1.7 శాతం వచ్చింది, అసలుకి మూడింతలు. 94 అనుకుని పెడితే మైనస్ 0.7.

సార్‌కి చూపించాను. "ఊళ్ళో వాళ్ళకి జబ్బు బాకీ ఉన్నట్టుందే" అన్నారు.

నడుము నొప్పికి ఇదే జల్లెడ వాడితే అసలు 12 ఉన్నది 15 అవుతుంది. తప్పే, కానీ బతికి బట్టకట్టే తప్పు. అరుదైనదానికి జల్లెడ ఒక్కటే పెట్టి అంకె ప్రకటించడం కుదరదు. పడ్డవాళ్ళని డాక్టరు చూడాలి. కాప్‌కార్డ్ అని 1981లో మొదలైన పద్ధతి ఇలాగే మెట్లు మెట్లుగా సాగుతుంది, ముందు ఇంటింటికీ ప్రశ్నలు, తర్వాత బాధ ఉన్నవాళ్ళకి డాక్టరు పరీక్ష. జల్లెడలోంచి జారిపోయిన ఆ 5 మందిని మాత్రం ఎవరూ చూడరు. "లేదు" అన్నవాళ్ళలోంచి కూడా కొందరిని తీసి పరీక్ష చేస్తేనే వాళ్ళ లెక్క దొరుకుతుంది. ఖర్చని చాలాచోట్ల ముందు కోసేది దాన్నే. మా బడ్జెట్‌లో దానికి ఒక గీత రాయించాను, ఉంటుందో పోతుందో.

డాక్టరు చూసినా ఏ నిబంధనతో చూశారన్నది ఉంటుంది. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌కి 1987 నిబంధనల్లో ఏడు లక్షణాల్లో నాలుగు ఉండాలి, 2010 వాటిలో పదికి ఆరు పాయింట్లు రావాలి. రెండోది జబ్బును తొలిదశలోనే పట్టుకోవడానికి చేసింది. కాబట్టి రెండూ ఒకే మనుషుల్ని పట్టవు.

14వ రోజు

ఫారం నమ్మదగినదేనా? ఒకే మనిషిని రెండుసార్లు అడిగి జవాబులు కలుస్తాయా చూస్తారు. ఎంత ఎడం ఇవ్వాలన్నదే తలనొప్పి. మర్నాడే అడిగితే నిన్న చెప్పింది గుర్తుపెట్టుకుని అదే చెబుతారు. రెండు వారాల తర్వాత అడిగితే నొప్పే మారిపోతుంది. నా మెడే సాక్ష్యం. అప్పుడు జవాబు మారితే ఫారం తప్పా, మెడ తప్పా? "గత 4 వారాలు" అనకుండా రెండోసారి కూడా మొదటి ఫారం తేదీకి ముందు నాలుగు వారాల గురించే అడగాలని రాసుకున్నాం. అప్పుడు మారితే అది జ్ఞాపకం మార్పే.

ఇక కప్పా. 1960లో కోహెన్ ఇచ్చిన కొలత, ఊరికే కలిసిపోయిన జవాబుల్ని తీసేసి నిజంగా కలిసినవి ఎన్నో చెబుతుంది. కాగితం మీద రెండు పట్టికలు వేశాను. వందమంది. మొదటిదాంట్లో రెండుసార్లూ "అవును" 45, రెండుసార్లూ "లేదు" 45, మాట మార్చినవాళ్ళు 10. రెండోదాంట్లో రెండుసార్లూ "అవును" 4, రెండుసార్లూ "లేదు" 86, మాట మార్చినవాళ్ళు అదే 10. రెండిట్లోనూ 90 మంది ఒకే మాట మీద ఉన్నారు. కప్పా మొదటిదానికి 0.80, రెండోదానికి 0.39. 1977 నుంచి అందరూ వాడే మాటల పట్టికలో మొదటిది "గణనీయం", రెండోది "ఓ మోస్తరు".

మోచేతి నొప్పి తక్కువమందికి ఉంటుంది, నడుము నొప్పి ఎక్కువమందికి. కప్పా చూసి "నడుము ప్రశ్న బాగుంది, మోచేతి ప్రశ్న బాగాలేదు" అని రాసేస్తే, ప్రశ్న గురించి కాదు, మోచేతి నొప్పి అరుదన్న సంగతే ఇంకో రకంగా రాసినట్టు. 1990 నుంచే ఈ సంగతి అందరికీ తెలుసు. అయినా కప్పా ఒక్కటి ఇచ్చి పట్టిక ఇవ్వని పేపర్లు వస్తూనే ఉన్నాయి. ఆ నాలుగు గడులూ అచ్చు వేస్తే ఏం పోతుందో నాకు అర్థం కాదు.

17వ రోజు

శాంపుల్ సైజు, చివరికి. 1,000 మంది, 16 శాతం అంటే మామూలు లెక్కలో అసలు అంకె ఉండే హద్దులు 13.7 నుంచి 18.3. అయితే మేం జనాన్ని చీటీ తీసి ఎంచడం లేదు, 25 గుంపులు ఎంచి ఒక్కోదాంట్లో 40 మందిని అడుగుతాం. ఒక గుంపులో వాళ్ళ పని ఒకటే, అలవాట్లు ఒకటే, కాబట్టి నొప్పులూ కాస్త ఒకేలా ఉంటాయి. ఆ పోలిక (సున్నా అంటే అసలు లేదు, ఒకటి అంటే అందరూ ఒకటే) 0.05 అనుకుంటే చాలు, డిజైన్ ఎఫెక్ట్, అంటే గుంపులుగా అడిగినందుకు శాంపుల్ ఎన్ని రెట్లు కావాలో చెప్పేది, 2.95. వెయ్యి మంది కాస్తా 339 మందికి సమానం. హద్దులు 12 నుంచి 20 దాకా సాగాయి.

దీనికి మందు ఉంది, గుంపులు పెంచితే సరి. మందు లేనిది తర్వాతది. నొప్పి ఉన్నవాళ్ళు "మా బాధ అడుగుతున్నారు" అని కూర్చుని చెబుతారు, లేనివాళ్ళు పనుంది అని తప్పుకుంటారు. నొప్పి ఉన్నవాళ్ళలో 75 శాతం, లేనివాళ్ళలో 55 శాతం ఫారం నింపారనుకుంటే, 16 కాస్తా 20.6 అవుతుంది. పదివేలమందిని అడిగినా అదే 20.6, దాని చుట్టూ హద్దులు మాత్రం సన్నగా, అందంగా వస్తాయి. పేపర్లలో అంకె పక్కన ఉండే ఆ బ్రాకెట్టు ఈ తప్పుల్లో ఒక్కదాని గురించే మాట్లాడుతుంది, అదీ అన్నిటికంటే చిన్నదాని గురించి. ఈ పని మొదలుపెట్టాక నాకు ఖాయంగా తెలిసింది ఇదొక్కటే.

ఆస్పత్రి రికార్డులు వాడితే ఈ గొడవే ఉండదు కదా అని ఒకరన్నారు. రికార్డులో ఉండేది నొప్పి ఉన్నవాళ్ళు కాదు, నొప్పి ఉండి ఆస్పత్రికి వచ్చినవాళ్ళు, వచ్చాక డాక్టరు ఆ కోడే వేసినవాళ్ళు. జబ్బుల అంతర్జాతీయ కోడ్ల పట్టిక ఐసీడీ-10లో నడుము నొప్పికి ఎం54.5. కాలిలోకి లాగితే ఎం54.4, డిస్కు అని రాస్తే ఎం51. అమెరికాలో 2021 అక్టోబరు నుంచి ఎం54.5నే మూడు ముక్కలు చేశారు. పాత కోడ్‌ని పట్టుకుని కూర్చున్న ప్రోగ్రాం అయితే ఆ నెల నుంచి నడుము నొప్పి మాయమైందని చెబుతుంది.

20వ రోజు

పాత అధ్యయనాలన్నీ కలిపి ఒక్క అంకె తీసేద్దామన్న ఆశ ఇంకా ఉంది సార్‌కి. కలపడం తేలికే. ఐ స్క్వేర్ అనే కొలత అధ్యయనాల మధ్య తేడా ఎంతుందో చెబుతుంది, 75 దాటితే ఎక్కువ అంటారు. సార్ ఎదురుగానే చేసి చూపించాను: రెండు సర్వేలు, ఒకదాంట్లో 20 శాతం, ఇంకోదాంట్లో 23. ఒక్కోదాంట్లో వందమంది అయితే ఐ స్క్వేర్ సున్నా. పదివేలమంది అయితే 96. అంకెలు మారలేదు, మనుషులు పెరిగారంతే. పెద్ద సర్వేలు కలిపిన చాలాచోట్ల ఇది 95 పైనే ఉంటుంది, చూసి ఎవరూ భయపడరు, ఎవరూ ఏమీ నేర్చుకోరు కూడా. దాని బదులు, రేపు ఇంకో సర్వే చేస్తే అంకె ఎక్కడి నుంచి ఎక్కడిలోపు రావచ్చో చెప్పే హద్దులు ఇవ్వడం మేలు. అది చాలా వెడల్పుగా వస్తుంది. అందుకే ఎవరూ ఇవ్వరేమో.

"అయితే ఒక్క అంకె ఇవ్వవన్నమాట" అన్నారు సార్.

"ఇస్తాను సార్. దాని ప్రశ్నతో పాటు ఇస్తాను."

నాలుగు వారాలు, బొమ్మతో, పని ఆగేంత నొప్పి అన్న నిర్వచనానికి సరిపోయే అధ్యయనాలే ఏరాను. చాలా కొద్దివి మిగిలాయి. వాటిలో ఎక్కువ అంకె తీసుకుని, డిజైన్ ఎఫెక్ట్‌తో గుణించి, గుంపులు 25 నుంచి 50కి పెంచి పంపాను. గుంపుకి 40 కాదు, 20.

22వ రోజు

ఫీల్డు టీముకి ఇవ్వడానికి ఆర్‌లో చిన్న ఫంక్షన్ రాశాను. ఫైలు ఇస్తే ప్రివలెన్స్ లెక్క కట్టి ఇస్తుంది. ఇవ్వడానికి ముందు నాలుగు అడుగుతుంది: ప్రశ్న పూర్తి పాఠం, కాలం, బొమ్మ వాడారా లేదా, ఖాళీ గడి అంటే అర్థం ఏమిటి. ఏ ఒక్కటి లేకపోయినా ఆగిపోయి "ఏం అడిగారో చెప్పందే ఎంతమందో చెప్పను" అని ఎర్రక్షరాల్లో చూపిస్తుంది. ఆ వాక్యం మా ఫిజియో మిత్రుడు పెట్టించాడు.

పనిచేస్తోందా లేదా చూద్దామని దగ్గర్లో ఉన్న ఫైలు ఒకటి పెట్టాను. మొదటి రోజు నేను పేపర్లు తిరగేసి ఎక్కించిన పట్టిక అది. మొదటి వరుస దగ్గరే ఆగిపోయింది. కాలం అన్న గడిలో నేను ఏమీ రాయలేదు.